ఎదుట ఆడితే ప్రత్యక్షం కాదు

మా కార్యాలయంలో తప్పులు జరగవు. జరిగినవాటికి వెంటనే ఒక సంఖ్య, తేదీ వేస్తాం కాబట్టి అవి ఉత్తర్వులైపోతాయి. అలాంటి ఒక ఉత్తర్వుకు కన్నతండ్రిని నేను. పేరు కూర్మారావు. విశాఖపట్నంలో బీచి రోడ్డుకు రెండు వీధుల వెనక ఉన్న తీరప్రాంత సమకాలీన నృత్య కేంద్రంలో సూపరింటెండెంటుని. నాకు నృత్యం గురించి ఏమీ తెలియదు. తెలిసినవాళ్ళను అక్కడ వెయ్యరు, పక్షపాతం చూపిస్తారని భయం.

కేంద్రం మొత్తానికి నృత్యం తెలిసిన మనిషి ఒక్కరే, సువార్త గారు. జాలారిపేట మనిషి. వాళ్ళమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి పెంచింది. ఈవిడ ఎక్కడెక్కడో నేర్చుకుని, ఏయే దేశాల్లోనో ఆడి, నలభై మూడేళ్ళ వయసులో ఒక మోకాలికి పట్టీ వేసుకుని మళ్ళీ సొంత ఊరికే వచ్చి మా కేంద్రంలో శిక్షకురాలిగా చేరారు. సమకాలీన నృత్యం అంటే ఏమిటని కొత్తలో ఆవిడనే అడిగాను.

"గజ్జెలుండవు సార్. దేవుళ్ళ కథలుండవు. మామూలు మనిషి ఒళ్ళు బరువు మోస్తే ఏమవుద్ది, అలిసిపోతే ఏమవుద్ది, అదే ఆట" అన్నారు.

అర్థమైనట్టు తల ఊపాను. ఆ పని నాకు బాగా వచ్చు.

ఆవిడ దగ్గర జాలారిపేట నుంచి పదిమంది ఆడపిల్లలు నేర్చుకునేవారు. మా హాల్లో నేల చెక్కది. అడుగున కాస్త ఖాళీ వదిలి పలకలు పరిచారు, ఎంత ఎగిరి దూకినా మోకాళ్ళకు దెబ్బ తగలదు. ఊళ్ళో అలాంటి నేల ఇంకెక్కడా లేదు. అదే పని సిమెంటు మీద రోజూ చేస్తే ఆ పిల్లలు పాతికేళ్ళు రాకుండానే కుంటుకుంటూ నడుస్తారని సువార్త గారు చెప్పేవారు. ఆవిడ మోకాలు అలా పోయిందే. ఈ గొడవంతా ఆ నేల కోసమే.

ఒకనాడు పైనుంచి ఇంగ్లీషులో మార్గదర్శకాలు వచ్చాయి. ఏడాదికి కనీసం ఒక్క లైవ్ నృత్య ప్రదర్శన అయినా జరగని హాళ్ళను స్వాధీనం చేసుకుని వేరే పనికి వాడుకోవచ్చు అన్నది అందులో ఒక వాక్యం. అప్పుడు మాకు తెలుగు అమలు వారోత్సవాలు జరుగుతున్నాయి. ఆ వారం రోజులూ ఉత్తర్వులన్నీ తెలుగులోనే వెయ్యాలి. ఆ వాక్యాన్ని తెలుగు చేసే భారం నా మీద పడింది.

బీరువాలోంచి పరిపాలనా పదకోశం తీశాను. లైవ్ అన్నచోట మూడు పదాలున్నాయి. లైవ్‌స్టాక్, పశుసంపద. లైవ్ వైర్, విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ. లైవ్ టెలికాస్ట్, ప్రత్యక్ష ప్రసారం. పశుసంపద నృత్యం అని రాయలేను. విద్యుత్తు ప్రవహిస్తున్న నృత్యం అంటే విద్యుత్తు శాఖవాళ్ళు అభ్యంతరం పెడతారు. మూడోదే మిగిలింది. 'ఏడాదికి కనీసం ఒక్క ప్రత్యక్ష ప్రసార నృత్యమైనా జరగని ప్రాంగణములను' అని రాసి సంతకానికి పంపి టీ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి డైరెక్టరు గారు సంతకం పెట్టేశారు.

డైరెక్టరు హేరంబరావు గారు మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. వచ్చిన రెండో నెలలో ఏదో సదస్సుకు వెళ్ళారు. అక్కడ కళ్ళకు పెద్ద నల్లటి పెట్టె తగిలించుకుని, లేని సముద్రంలో లేని చేపల్ని చూశారు. ఆ రోజు నుంచి ఆయన మనిషి మనిషిలో లేరు. మా హాల్లో పలకలు పీకించి, టైల్సు వేయించి, నలభై నల్లపెట్టెలు పెట్టి దాన్ని డిజిటల్ అనుభూతి మందిరం చెయ్యాలని తహతహలాడిపోయారు. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ కూడా కొట్టించి నా బల్ల వెనక చుట్టబెట్టి ఉంచారు. తేదీ ఒక్కటే ఖాళీ. అలాంటి మనిషి చేతికి నా తెలుగు దొరికింది.

ఏడాది చివర సువార్త గారు ఆ సంవత్సరం హాల్లో జరిగిన పద్నాలుగు ప్రదర్శనల ఫోటోలు, కరపత్రాలు ఒక ఫైల్లో పెట్టుకుని డైరెక్టరు గారి గదికి వచ్చారు. ఆయన ఫైలు తిరగేసి పక్కన పెట్టారు.

"ఇవేవీ ఆమోదయోగ్యం కావమ్మా. ఉత్తర్వులో ప్రత్యక్ష ప్రసార నృత్యం అని స్పష్టంగా పొందుపరచబడియున్నది. వీటిలో ప్రసారం ఎక్కడ?"

"ప్రసారం ఎందుకండీ? జనం వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ఎదురుగానే ఆడాం."

"ఎదుట ఆడితే ఎదుట ఆడినట్టు. ప్రత్యక్షంగా ఆడినట్టు కాదు."

సువార్త గారు నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

"సార్, మీ మత్స్యశాఖలో లైవ్ చేప అంటే ఏంటండీ?"

"ప్రాణంతో ఉన్న చేప. నీటియందు ఉండి తోక ఆడించవలెను."

"మరి లైవ్ డాన్స్ అంటే?"

"అది వేరే శాఖ" అన్నారు డైరెక్టరు గారు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆవిడ వెళ్ళాక నేను గొంతు సవరించుకుని, పదకోశంలో సరైన మాట లేకపోవడం వల్ల అనువాదంలో చిన్న తేడా వచ్చిందనీ, ఒక సవరణ వేస్తే సరిపోతుందనీ మనవి చేశాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు.

"కూర్మారావు గారూ, ఉత్తర్వుకూ వాస్తవానికీ తేడా వస్తే సవరించవలసింది వాస్తవాన్ని. సవరణ వేశామంటే మొదట తప్పు వేశామని ఒప్పుకున్నట్టు. ఆ తప్పు ఎవరు రాశారని పైనుంచి అడుగుతారు. మీ ప్రమోషను ఫైలు కూడా పైనే ఉంది కదూ?"

ఉంది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు తర్వాత గెజిటెడ్ హోదా ఫైలు అది. రాసి తెచ్చిన సవరణ చిత్తు ప్రతిని నేనే మడిచి జేబులో పెట్టుకున్నాను. సిగ్గుపడ్డానా అంటే, ఆ రోజు పడలేదు.

సువార్త గారు పోట్లాడలేదు. గడువుకు మూడు వారాలుంది. ప్రసారమే కావాలంటే ప్రసారమే చేస్తానన్నారు. వరండాలో నాతో, "ఇరవై నిమిషాల ఆట సార్. గోడకైనా ఆడేస్తాను. పిల్లలకి నేల మిగిలితే చాలు" అన్నారు.

ఆవిడ ఎంచుకున్న ఆట పేరు 'గంప'. నెత్తిన గంప లేకుండానే గంప మోస్తున్న మనిషి. మొదట నడక, తర్వాత మెట్లు ఎక్కడం, దిగడం, ఆ పైన ఒక గుమ్మం ముందు ఆగి బేరం తెగేదాకా నిలబడడం. ఆ నిలబడడం పదకొండు నిమిషాలు. అడుగు కదపరు. చెయ్యి కదపరు. ఆ పదకొండు నిమిషాల్లో మెడ నరాలు, కాలి పిక్కలు, ఊపిరి ఏమవుతాయో చూడాలి, ఆటంతా అక్కడే ఉందని పిల్లలకు చెబుతుంటే విన్నాను.

ప్రసార ఏర్పాట్లకు కన్సల్టెంటుగా తేజేశ్ అనే అతను వచ్చాడు. నీలం చొక్కా, మెడలో రెండు రకాల చెవి యంత్రాలు. మాట మర్యాద ఉన్నవాడే. ముందురోజు సాయంత్రం రిహార్సల్ పెట్టారు. కెమెరాను నిలువుగా నిలబెట్టాడు.

"మేడం, జనం ఫోను నిలువుగా పట్టుకుంటారు. మీరు చేతులు చాపకండి, బయటికి పోతాయి."

"చేతులు చాపకుండా ఆడేదెలా బాబూ?"

"కేంద్రం పరిధి దాటిన అవయవాలకు కేంద్రం బాధ్యత వహించదు" అన్నారు వెనక నుంచి డైరెక్టరు గారు.

తర్వాత శబ్దం సంగతి వచ్చింది. అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు వినబడితే యంత్రం వాటిని చెత్త కింద లెక్కేసి తుడిచేస్తుందట.

"ఊపిరి తియ్యకపోతే చచ్చిపోతాను కదయ్యా."

"మీరు తీసుకోండి మేడం. వినబడదు, అంతే."

అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. స్టేజీ మీద జరిగింది తెర మీద కనబడడానికి ముప్ఫై ఎనిమిది సెకన్లు పడుతోంది. తేజేశ్ తల గోక్కున్నాడు.

"సార్, హాల్లో కూర్చున్నవాళ్ళు లైవ్ కంటే ముందే చూసేస్తున్నారు. లీకయిపోద్ది."

లీకు అన్న మాట వినగానే డైరెక్టరు గారి ముఖం పాలిపోయింది. ప్రభుత్వోద్యోగంలో ఆ మాటకున్న భయం పాము అన్న మాటకు కూడా లేదు. అక్కడికక్కడే నా చేత ఉత్తర్వు రాయించారు. ప్రసారమునకు ముందుగా నృత్యము ప్రేక్షకులకు లీకు కాకుండుటకై స్టేజీకినీ ప్రేక్షకులకునూ నడుమ దళసరి పరదా వేయవలెను. పరదా సందులలో నుండియూ లీకగు అవకాశమున్నందున ప్రేక్షకుల కుర్చీలను వెనుక గోడపై ఏర్పాటు చేయబడిన తెరకు అభిముఖముగా, నర్తకికి వీపు చూపునట్లుగా అమర్చవలెను.

సువార్త గారు అది రెండుసార్లు చదివారు.

"మరి జనం హాలుకి రావడం ఎందుకండీ? ఇంట్లోనే చూసుకుంటారు కదా?"

"అదేం ప్రశ్నమ్మా? ప్రత్యక్ష ప్రదర్శన అన్నాక ప్రేక్షకులు ఉండొద్దూ?"

అప్పుడు ఆవిడకు కోపం వచ్చింది. రావలసిందే. నుదుటి చెమట తుడుచుకున్నారు. సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగారు. కింద కూర్చుని మోకాలి పట్టీ విప్పి మళ్ళీ చుట్టుకున్నారు. తేజేశ్ ముఖం ముందు వేలు ఆడిస్తూ ఏదో గట్టిగా అన్నారు. సీసాను మూలకు విసిరికొట్టారు. కాసేపు తలపట్టుకుని అటూ ఇటూ తిరిగారు. ఆ రోజు నృత్యం అసలు మొదలే కాలేదు. తేజేశ్ మాత్రం కెమెరా ఆపలేదు. ఎందుకయ్యా అంటే, "బ్యాకప్ సార్. బొమ్మ ఆగిపోతే సిస్టమే దీన్ని ఎక్కించేస్తుంది" అన్నాడు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ప్రదర్శన. జాలారిపేట నుంచి నలభై మంది ఆడవాళ్ళు పనులు మానుకుని వచ్చారు. వాళ్ళను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. మార్కులు వెయ్యడానికి ముగ్గురు సభ్యుల పరిశీలక సంఘం వచ్చింది. వాళ్ళు హాల్లో కూర్చోలేదు. ఎదురుగా చూస్తే నిష్పాక్షికత దెబ్బతింటుందని, పైగా అక్కడ ఏసీ లేదని, వరండాకు ఆ చివరనున్న డైరెక్టరు గారి గదిలో కూర్చున్నారు. పెద్ద టాబ్ ఒకటి తెచ్చారు గాని దాన్ని నిలబెట్టే స్టాండు మర్చిపోయారు. అందువల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని సభ్యుల ముందు నిలబడే బాధ్యత నాకు అప్పగించారు. పక్కన తేజేశ్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

పది నిమిషాలు ఆలస్యమైనా మొదట బాగానే నడిచింది. నడక, మెట్లు ఎక్కడం, దిగడం. సువార్త గారు గుమ్మం ముందు ఆగారు. నిలబడ్డారు. నలభై సెకన్లకు తేజేశ్ కంప్యూటరు కీచుమంది. బొమ్మ కదలడం లేదు కాబట్టి ప్రసారం ఆగిపోయిందని యంత్రం తేల్చుకుంది. రెప్పపాటులో టాబ్ మీద నిన్నటి రిహార్సల్ ప్రత్యక్షమైంది. సువార్త గారు నుదురు తుడుచుకుంటున్నారు.

నేను తేజేశ్ వైపు చూశాను. అతను పెదవుల మీద వేలు పెట్టి, దండం పెట్టినంత పని చేశాడు. డైరెక్టరు గారికి అర్థమైంది. ఆయన సభ్యులవైపు చూసి చిరునవ్వు నవ్వారు.

"చూశారా, ఆ నీళ్ళు తాగడం!" అన్నారు సంఘం అధ్యక్షులు. "సమకాలీన మానవుడి దాహం."

"ఆ మోకాలికి కట్టు కట్టుకోవడంలో ఎంత వేదన ఉంది!" అన్నారు రెండో సభ్యురాలు.

తెర మీద సువార్త గారు తేజేశ్ ముఖం ముందు వేలు ఆడిస్తున్నారు.

"ఆ నీలం చొక్కా కుర్రాడు వ్యవస్థకు ప్రతీక కాబోలు" అన్నారు మూడో సభ్యులు. ప్రతీక ఆయనకు మూరెడు దూరంలో కూర్చుని చెమటలు కక్కుతోంది. ముగ్గురిలో ఒక్కరూ అటు తిరగలేదు. తెర మీద ఉన్నవాణ్ణి గదిలో వెతికే అలవాటు వాళ్ళకు లేదు.

అప్పుడే వరండా అవతల హాల్లోంచి కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. నలభై మంది మనుషులున్న హాలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. వెళ్ళి చూద్దామని కాళ్ళు లాగాయి. చేతుల్లో టాబ్ ఉంది. పక్కన పెట్టొచ్చు. పెట్టలేదు. అధ్యక్షులు నన్ను కొంచెం పైకెత్తి పట్టుకోమన్నారు. పైకెత్తాను.

హాల్లో ఏం జరిగిందో నాకు మా ఎర్రయ్యమ్మ చెప్పింది. మా కేంద్రంలో ఊడ్చేది, తాళాలు తీసేది ఆవిడే. జనమంతా వెళ్ళిపోయాక వరండాలో చీపురు పట్టుకునే చెప్పింది.

"ఏటి సెప్పమంతావు బావూ! గోడ మీద బొమ్మలో సువార్తమ్మ నీల్లు తాగతంది. మాకేటీ తెలీనేదు. ఎనక్కాల పరదా ఎనక సూత్తే కాల్లు కనిపిత్తన్నాయి, కదల్డం నేదు. మనిసి అక్కడుంతే గోడకేసి సూడమంతారేటి? నానెల్లి పరదా లాగీసినాను. అందరూ కుర్సీలు తిప్పీసినారు. సువార్తమ్మ నిలబడుంది. నెత్తి మీద ఏటీ నేదు బావూ, ఒట్టు. గాని గంప కనిపించినాది మాకు. మెడ నరాలు ఇలగ తేలిపోనాయి. పిక్కలు వొణికిపోతన్నాయి. సెమట సుక్క గెడ్డం కాడికొచ్చి ఆగినాది, తుడుసుకోనేదు. తుడుసుకుంతే గంప పడిపోద్ది కదా!"

ఎర్రయ్యమ్మ చీపురు గోడకు ఆనించింది.

"ఒవులూ ఊపిరి తియ్యనేదు. అప్పుడు మా మేనత్త పోలమ్మ, డెబ్బై ఏల్లుంతాయి, నెగిసి టేజీ ఎక్కీసినాది. గంప ఎత్తుకున్నోలు తమంత తాము దించుకోనేరు కదా బావూ, ఎదటోలు సెయ్యెయ్యాల. పోలమ్మ రెండు సేతులూ సాపి, 'దించమ్మా, ఇంక దించీ' అన్నాది. ఇద్దరూ కలిసి దించినారు. నేల మీద పెట్టినారు. ఏటీ నేని గంపని! సువార్తమ్మ కూలబడిపోయి ఏడిసినాది. నాను ఏడిసినాను. ఒవులు ఏడవనేదని అడుగు."

నేను ఎవరినీ అడగలేదు. గది లోపల డైరెక్టరు గారు పిలుస్తున్నారు, నివేదిక మీద సంతకాలు కావాలి. ప్రత్యక్ష సాక్షి అన్నచోట కేంద్రం తరఫున ఒకరు సంతకం పెట్టాలి. నేను పెట్టాను.

సంఘం నూటికి తొంభై ఎనిమిది వేసింది. ప్రత్యక్ష ప్రసార నృత్యం అత్యంత విజయవంతంగా జరిగినట్టు రాసింది. నేల నిలిచిందని నేను లోలోపల సంతోషించాను. మిఠాయి కూడా కొని ఇంటికి పట్టుకెళ్ళాను. రెండు రోజులకు డైరెక్టరు గారు తేజేశ్ ఇచ్చిన సాంకేతిక నివేదిక పట్టుకుని గంతులేసినంత పని చేశారు.

"కూర్మారావు గారూ, నాలుగు గంటల పంతొమ్మిది నిమిషాల నుంచి వెళ్ళినదంతా ముందురోజు రిహార్సల్ రికార్డు! దానికే తొంభై ఎనిమిది మార్కులు! అంటే ప్రత్యక్ష ప్రసార నృత్యానికి హాలు గాని, నర్తకి గాని, ఆ రోజు గాని అవసరం లేదని శాస్త్రీయంగా నిరూపితమైనది. ఇక ప్రతి ఏటా ఇదే ప్రసారాన్ని ప్రత్యక్షంగా వేస్తాం. హాలును అనుభూతి మందిరానికి విడుదల చేస్తూ నోట్ పెట్టండి."

అక్కడితో ఆగలేదు. పరదా లాగిన గొడవ ఆయన చెవిన పడింది. సువార్త గారికి ఒక మెమో ఇవ్వమన్నారు. రాసింది నేనే. 'తమ నృత్యము ప్రత్యక్ష ప్రసారమగుచున్న సమయమున, అనగా 4.19 నుండి 4.31 వరకు, గుర్తు తెలియని ఒక స్త్రీ స్టేజీపై అనుమతి లేకుండా నిలబడియున్నట్లు తెలియవచ్చినది. స్టేజీ బాధ్యురాలిగా తమ సంజాయిషీని మూడు రోజులలో సమర్పించవలెను.'

ఆవిడ ఒక్క వాక్యంలో సంజాయిషీ ఇచ్చారు. ఆ స్త్రీని నేనే, నేను ఆడుతున్నాను, అని.

"అసంభవం" అన్నారు డైరెక్టరు గారు. "ఆ సమయంలో ఆవిడ తెర మీద ఉన్నారు. ముగ్గురు సభ్యులు చూసి మార్కులు వేశారు. ఒక ఉద్యోగి ఏకకాలంలో రెండు చోట్ల ఉండుట సేవా నిబంధనలకు విరుద్ధం."

విచారణ పెట్టారు. ముందురోజు సువార్త గారు నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. మోకాలు వంగక ఆ కాలు చాపుకునే కూర్చున్నారు.

"నేను ఆడానని చెప్పమనట్లేదు సార్. మీరు చూళ్ళేదు, నాకు తెలుసు. ఆ ప్రసారం అన్న మాట పొరపాటున పడిందని ఒక్క ముక్క రాయండి. ఆ మాట తీసేస్తే నా పద్నాలుగు ప్రదర్శనలు లెక్కలోకి వస్తాయి. హాలు ఉంటుంది. నన్ను తీసేసినా సరే, ఇంకెవరైనా వచ్చి నేర్పుతారు."

"రాస్తానమ్మా" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే రాద్దామనుకున్నాను.

విచారణలో నలభై మంది ఆడవాళ్ళ సాక్ష్యం చెల్లలేదు. ఉత్తర్వు ప్రకారం వాళ్ళ వీపులు స్టేజీ వైపు ఉండాలి కాబట్టి వాళ్ళు చూసి ఉండే అవకాశం లేదు, చూసి ఉంటే ఉత్తర్వును ఉల్లంఘించినట్టు. ఎర్రయ్యమ్మ గట్టిగా అరిచింది, బయటికి పంపేశారు. ఇక మిగిలింది కాగితం మీద సంతకం ఉన్న ఏకైక ప్రత్యక్ష సాక్షి. నన్ను నిలబెట్టారు. పై శాఖ నుంచి వచ్చిన అధికారి కళ్ళెత్తకుండానే అడిగారు.

"సదరు సమయంలో హాల్లో ఈమె నృత్యం చేయడం మీరు చూశారా?"

"చూడలేదండి."

"ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?"

సువార్త గారు నన్నే చూస్తున్నారు. జేబులో ఆనాటి చిత్తు ప్రతి ఉంది, ఉతుకుల్లో నలిగి అక్షరాలు చెరిగినా చదవడానికి వస్తుంది. పక్కన డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"లేదండి" అన్నాను.

చూడలేదన్న మాట నిజమే. అంత పనికిమాలిన నిజం నా ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఇంకొకటి చెప్పలేదు. అధికారి దాన్ని రాసుకుని ఫైలు మూసేశారు.

నాకు గెజిటెడ్ హోదా వచ్చింది. గెజిటెడ్ అధికారి చేతుల మీదుగానే స్వాధీనం జరగాలన్నారు కాబట్టి హాలుకు తాళం వేసింది నేనే. పలకలు పీకేవాళ్ళు సోమవారం వస్తారు. సువార్త గారు ఉద్యోగం వదిలేశారు. ఇప్పుడు పిల్లల్ని జాలారిపేటలో చేపలు ఎండబెట్టే సిమెంటు దిమ్మ మీద ఆడిస్తున్నారట. పదిమందిలో ఆరుగురే వస్తున్నారు. ఒక పిల్లకు అప్పుడే మోకాలు వాచిందని ఎర్రయ్యమ్మ తాళం గుత్తి నా చేతికిస్తూ చెప్పింది.

"ఆ పొద్దు నువ్వు వొచ్చి సూసుంతే బాగున్ను బావూ" అంది.

తాళం వేశాను. లాగి చూశాను, పడింది. తర్వాత వరండా వెంట, ఆ రోజు టాబ్ పట్టుకుని నిలబడిన డైరెక్టరు గారి గదిదాకా నడుస్తూ అడుగులు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి.